చుక్క ఈసుకుపోయిన ఏడాది

పోయిన ఆదివారం పొద్దున మా పక్క ఫ్లాటు కోడలుపిల్ల ఒక గాజుసీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. సీసా మెడకి జనపనార తాడు, తాడుకి చిన్న అట్టముక్క. "ఊళ్ళో పాలు ఆంటీ, ఫారం నుంచి డైరెక్టుగా వస్తున్నాయి. కాచక్కర్లేదట, అలాగే తాగేయాలట. కాస్తే బలమంతా పోతుందట," అంది. అట్టముక్క మీద కూడా అదే మాట ముద్దుముద్దు అక్షరాల్లో వేసి ఉంది, మన పూర్వులు ఇలాగే తాగేవారని. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ బళ్ళో పిల్లల మీద గొంతు పెంచి బతికినదాన్ని, నాకు అరవడం కొత్త కాదు. కానీ ఆ పూట "నువ్వు తాగావా?" అని నేను అరిచిన అరుపుకి మెట్ల మీద వెళ్తున్న వాచ్‌మన్ కూడా ఆగిపోయాడు. ఇంకా మూతైనా తియ్యలేదు ఆంటీ అంది ఆ పిల్ల బెదిరిపోయి. సీసా లోపలికి తీసుకెళ్ళి, పాలు గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టి, అవి పొంగి స్టవ్వంతా పాడయ్యేదాకా కదలకుండా నిలబడ్డాను. గుమ్మంలోంచి ఆ పిల్ల నన్ను చూసిన చూపునిబట్టి, పెద్దావిడకి మతి చలించిందనే అనుకుని ఉంటుంది. మన పూర్వులు పాలు ఎలా తాగేవారో నాకు ఎవరూ అట్టముక్క మీద రాసి చెప్పనక్కర్లేదు. కళ్ళారా చూశాను.

తొంభైల చివర్లో నాకు టీచరుద్యోగం వచ్చింది. వేసిన ఊరు పర్చూరుకి కాస్త లోపలగా ఉన్న పల్లె. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా గది తీసుకుని ఉండటం మావాళ్ళ ఊహకి కూడా అందదు. అదృష్టవశాత్తూ ఆ ఊళ్ళోనే మా మేనత్త ఉండేది. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట తీసుకుని ఆవిడింట్లో దిగాను. నేను పుట్టి పెరిగింది చీరాలలో. తెల్లారితే మగ్గాల చప్పుడు వినపడాలి గానీ పశువుల అరుపులు నాకేం తెలుసు? మా అత్తా చీరాల పిల్లే. కానీ కాపరానికొచ్చిన కొత్తలోనే చీరల సంగతి మరిచిపోయి గేదెల సంగతుల్లో పండిపోయింది. ఎవరింట్లో గేదె ఈనడానికి కష్టపడుతున్నా ఈవిణ్ణే పిలుచుకెళ్ళేవాళ్ళు. మోచేతిదాకా ఆముదం రాసుకుని చెయ్యి లోపలికి పెట్టి, అడ్డం తిరిగిన దూడని సరిచేసి లాగేది. వచ్చి, ఇంత బూడిదతో చేతులు తోముకుని, అదే చేతుల్తో నాకు అన్నం కలిపిపెట్టబోయేది. నేను మొహం అటు తిప్పుకుంటే, "చీరాల దొరసానికి నా చేతులు పనికిరావంట," అని వీధిలోవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఈ కథలో మనుషుల పేర్లు చెప్పను, బాగుండదు. గేదె పేరు చెబితే ఎవరికీ కోపం రాదు కాబట్టి చెబుతాను. దాని పేరు చుక్క. నుదుట రూపాయిబిళ్ళంత తెల్లమచ్చ ఉండేది. ఆ ఏడాది వేసవిలో మామయ్య ఒక బేరగాడి ద్వారా కొన్నాడు. అప్పటికే ఇంట్లో ఒక ముసలి గేదె ఉంది, దాని పాలు తగ్గిపోయాయి. చూలుతో ఉన్న చుక్క ఇంటికి వచ్చిన రోజు అత్త దానికి గుమ్మంలో పసుపు కుంకుమలు పెట్టి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, కాళ్ళు కడిగి దొడ్లోకి పంపింది. నేను పెట్టె పట్టుకుని వచ్చిన రోజు, "చెప్పులు అక్కడ విడువు," అని మాత్రమే అంది.

మామయ్య మిరప, పత్తి వేసే రైతు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బండెడు. ఆయన ఇంట్లో ఉన్నదీ లేనిదీ బస్సు దిగేటప్పుడే తెలిసిపోయేది. పత్తి ఇంటికొచ్చే రోజుల్లో ముందుగది దూలాలదాకా నిండిపోయేది. నేను ఆ పత్తికి జారబడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దేదాన్ని. తరవాత మిరపకాయలు కళ్ళంలోకి వచ్చేవి. గాలి ఇటు తిరిగితే ఇంటిల్లిపాదీ వరస తప్పకుండా తుమ్మేవాళ్ళం.

పెరట్లో ఒక మూల పాలదాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి, మట్టికుండతో పాలు పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిదానంగా కాగి, పైన ఎర్రటి మీగడ కట్టేది. అలాంటి పాలు, అలాంటి పెరుగు మళ్ళీ ఎక్కడా ఎరగను. వచ్చేపోయేవాళ్ళకీ, కూలీలకీ, నాకూ ఆ పాలే. గుమ్మపాలు మాత్రం అందరికీ దక్కేవి కావు. పొదుగు కింద పిండిన వెంటనే, ఆ వెచ్చదనం పోకముందే నురగతో తాగే పచ్చిపాలని గుమ్మపాలంటారు. మామయ్య గేదె పక్కనే నిలబడి ఇత్తడి చెంబెడు ఎత్తిన చెంబు దించకుండా తాగి, మీసాల మీద నురగతో నవ్వేవాడు. నన్ను ముద్దు చేయాలని వచ్చిన కొత్తలో అత్త నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. ఆ పచ్చివాసనకి నేను దొడ్లోనే కక్కుకున్నాను. "పొదుగు కింద వేడి పొయ్యి మీద వస్తదంటే? ఈ కాఫీనీళ్ళ నాలికకేం తెలుసులే!" అని, నాకు ఇవ్వడం మానేసింది. చిన్నబుచ్చుకున్నాను కూడా. ఆ ఇంట్లో ఎవరి మీద ప్రేమ ఎక్కువైతే వాళ్ళకే గుమ్మపాలు.

ఆ ప్రేమంతా వాళ్ళ ఒక్కగానొక్క కూతురిది. నాకంటే పెద్దది, నాకు వదిన. సింగరాయకొండలో ఇచ్చారు. పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. కొండెక్కి మొక్కిన మొక్కులు, తిరిగిన ఆసుపత్రులు, వినాల్సిన మాటలు, అన్నీ అయ్యాయి. ఆ ఏడాది దసరా వెళ్ళాక నీళ్ళోసుకుందని కబురు వచ్చినప్పుడు మామయ్య వీధిలో కనపడినవాడినల్లా ఆపి చెప్పాడు. వేవిళ్ళు మరీ ఎక్కువగా ఉన్నాయని అన్నయ్య, అంటే వదిన మొగుడు, పుట్టింట్లో దింపి వెళ్ళాడు. మంచం మీద నుంచి కాలు కింద పెట్టనిచ్చేవాళ్ళు కాదు. "ఇంట్లో ఇద్దరు చూలాళ్ళురా," అని మామయ్య చుక్కనీ కూతురినీ కలిపి హాస్యమాడితే, వదిన దిండు తీసి విసిరేది. రాత్రి భోజనాలయ్యాక పేర్ల గురించి వాదులాట. అత్తకి మగపిల్లాడు కావాలి. మామయ్యకి ఎవరైనా సరే, పుట్టి ఏడిస్తే చాలు. నాకు బొద్దుగా ఉంటే చాలనిపించేది.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున చుక్క ఈసుకుపోయింది. పశువుకి నెలలు నిండకుండా కడుపు పోవడాన్ని మావైపు ఈసుకుపోవడం అంటారు. వెంట్రుకలు కూడా వచ్చిన దూడ, ప్రాణం లేకుండా పడింది. మాయ పడకపోతే అత్త ఎప్పటిలాగే ఆముదం రాసుకుని చేత్తో తీసేసింది. ఆ మాయని వరిగడ్డిలో చుట్టి, ఊరి బయట పాలుకారే జువ్విచెట్టుకి వేలాడగట్టించారు. అలా చేస్తే గేదెకి పాలు తగ్గవని నమ్మకం. ఎవరి కన్నో కొట్టిందని అత్త తిట్టాల్సినవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టింది. నేను బడికి వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి వసారాలో దూడ నిలబడి ఉంది. పాపం, మళ్ళీ ఇంకో దూడని కొన్నారు కాబోలనుకుని దగ్గరికెళ్ళి వీపు నిమిరాను. చేతి కింద ఎండుగడ్డి గరగరలాడింది. వంగి చూస్తే కళ్ళుండాల్సిన చోట రెండు కుట్లు, కాళ్ళుండాల్సిన చోట నాలుగు కర్రలు. నేను పెట్టిన కేకకి అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. విషయం తెలిసి ఇంట్లోవాళ్ళందరూ కడుపు పట్టుకుని నవ్వారు. దూడ చచ్చిపోతే గేదె చేపదు, పాలు దిగవు. అందుకని చచ్చిన దూడ చర్మం ఒలిపించి, ఉప్పు పట్టించి, లోపల గడ్డి కూరి, గేదె ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతూ పాలిస్తుంది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. పాల కోసం మనిషి ఇంత పని చేస్తాడా అనిపించింది. మర్నాడు పొద్దున ఆ పాలతోనే కాఫీ కలుపుకుని తాగాను.

ఆ దూడని పొద్దునా సాయంత్రం వసారాలోంచి దొడ్లోకి మోసుకెళ్ళి, ఉప్పునీళ్ళు రాసి చుక్క మూతి దగ్గర పెట్టాలి. ఆ పని వదినకి వచ్చింది. పని ఏదీ చెప్పట్లేదని తనే పోట్లాడితే, "బరువుండదులే, అదొక్కటి చెయ్యి," అని అత్త ఒప్పుకుంది. చుక్క ఆ దూడని ఎంత శ్రద్ధగా నాకేదో! మెడ కింద, చెవుల వెనక, కుట్ల మీద. వదిన దాన్ని పట్టుకుని పక్కన గొంతుకూర్చునేది. "పాపం, బతికుందనుకుంటుందే," అన్నాను ఒకసారి. "ఏమో, తెలిసే నాకుతుందేమో," అంది వదిన. పాలు తీయడం అయ్యాక అత్త ముందుగా కూతురికే గ్లాసు నింపేది. "తాగు తల్లీ, బిడ్డకి ఎముక పుష్టి." వేవిళ్ళతో అన్నం కక్కేసే మనిషి ఆ పాలు మాత్రం కక్కేది కాదు. అది చూసి అత్త పొంగిపోయేది.

మిరప కోతల నాటికి మామయ్యకి జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి వణుకు, తెల్లారేసరికి పక్కబట్ట పిండితే నీళ్ళు కారేంత చెమట. వారం ఉంటుంది, తగ్గిందనుకుంటాం, మళ్ళీ వస్తుంది. ఊళ్ళో ఉన్న ఆర్.ఎం.పి. డాక్టరు మలేరియా అని బిళ్ళలిచ్చాడు, తగ్గకపోతే టైఫాయిడ్ అని సూదులు వేశాడు. అత్త నిమ్మకాయలు దిగతుడిచింది. నడుంనొప్పితో మామయ్య ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరగడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చేది. బక్కమనిషి ఇంకా బక్కచిక్కిపోయాడు. కళ్ళంలో కాయలు ఎవరూ తిరగెయ్యకుండా పడున్నాయి. వీధి చివరికి వినపడే గొంతు పక్కగదిలోకి కూడా వినపడటం మానేసింది. క్షయ అయ్యుంటుందని వీధిలో గుసగుస మొదలైంది. వచ్చి కూర్చునేవాళ్ళు గుమ్మం బయటే కూర్చుని వెళ్ళిపోసాగారు.

వదినకి కూడా సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. కళ్ళంలో మిరప ఘాటుకి వేడి చేసిందనుకున్నాం. సబ్జాగింజలు నానబెట్టి ఇచ్చాం. అప్పటికి ఆమెకి ఐదో నెల.

సంక్రాంతి సెలవులయ్యాక మామయ్యని గుంటూరు తీసుకెళ్ళాం. చదువుకున్నదాన్ని కదా అని నన్ను తోడు పంపారు. డాక్టరు కుర్రవాడే. చాతీ చూశాడు, నడుం నొక్కి చూశాడు, పాత చీటీలన్నీ చదివాడు. చీటీలు తిరిగి నా చేతికిచ్చాడు. తరవాత, "ఇంట్లో పాడి ఉందాండి?" అని అడిగాడు.

"ఉందండి. రెండు గొడ్లు."

"ఈమధ్య గేదె ఏదన్నా ఈసుకుపోయిందా?"

మామయ్య నావైపు తిరిగాడు. చాలా రోజుల తరవాత ఆయనకి పాత గొంతు వచ్చింది. "ఏందే, ఈయన మనుషుల డాక్టరా, గొడ్ల డాక్టరా? నా జొరానికీ బర్రె కడుపుకీ సంబంధమేంది?" డాక్టరు కోప్పడలేదు. రక్తం తీయించి, పరీక్ష ఫలితం వచ్చాక మళ్ళీ రమ్మన్నాడు. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో మామయ్య ఆ మాట పక్కసీటు వాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఎవరం నవ్వలేదు. ఆయన ఒక పేరు చెప్పాడు. బ్రూసెల్లోసిస్ అట. మామయ్యకి నోరు తిరగలేదు. గొడ్లు ఈసుకుపోవడం చాలాసార్లు ఈ జబ్బువల్లే జరుగుతుందని, అది ఒక సూక్ష్మజీవి అని, ఈసుకుపోయినప్పుడు పడే దూడలో, మాయలో, తరవాత పాలల్లో ఉంటుందని, కాస్తే చచ్చిపోతుందని, కాచకుండా తాగినా, వట్టి చేతుల్తో ముట్టుకున్నా మనిషికి వస్తుందని చెప్పాడు. చెప్పేది ఆయనే అయినా నా కళ్ళకి వసారాలో దూడే కనపడుతోంది. "మందులుంటాయి, వాడితే తగ్గుతుంది. భయంలేదు," అని రాస్తూ రాస్తూ, "ఆ పచ్చిపాలు ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?" అన్నాడు.

నేనే చెప్పాను. "మా వదినండి. కడుపుతో ఉంది. ఐదో నెల వెళ్ళబోతోంది."

డాక్టరు రాయడం ఆపేశాడు. రేపే తీసుకురండి అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన మొహం చూశాక అడిగే ధైర్యం లేకపోయింది.

మేం ఊళ్ళో దిగేసరికి సాయంత్రం పాలు తీసే వేళ. మామయ్య నడవలేక నా భుజం పట్టుకుని వస్తున్నాడు. దొడ్లో చుక్క దూడని నాకుతోంది, వదిన పక్కన కూర్చుని ఉంది, అత్త అప్పుడే నింపిన గ్లాసు అందిస్తోంది. మామయ్య నా భుజం వదిలేశాడు. లేవలేని మనిషి ఆ నాలుగడుగులు ఎలా వేశాడో తెలీదు. గ్లాసుని చేత్తో కొట్టాడు. అది గోడకి తగిలి మోగింది. పాలు పేడలో కలిసిపోయాయి. కూతుర్ని ఒక్కనాడు గట్టిగా పిలిచి ఎరగనివాడు ఆ తండ్రి. వదిన బిత్తరపోయి చూస్తోంది. "అయ్యో, లక్ష్మిని నేలపాలు చేశావేందయ్యా! జొరం తలకెక్కిందా?" అని అత్త అరిచింది.

"లక్ష్మి కాదే, పిల్లనీ నన్నూ చంపేది అదే," అని మామయ్య అక్కడే కూలబడ్డాడు.

డాక్టరు చెప్పినదంతా నేను చెప్పాను. పిల్లలకి పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పాను, నాకు వేరేగా చెప్పడం రాదు. అత్త మధ్యలో ఆపింది. "గొడ్డు జబ్బు మనిషికొస్తదంటే? గొడ్డూ మనిషీ ఒకటేనంటే?" అంది. ఆ ప్రశ్నలో కోపం కంటే బతిమాలడం ఎక్కువ ఉంది. కాదు అత్తా, అబద్ధం అని నేను అంటే చాలు, ఆవిడ నమ్మేది. నేను అనలేదు. అత్త తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంది. ఊళ్ళో సగం గేదెలకి పురుళ్ళు పోసిన చేతులు. "నా చేత్తోనే తాగించానే," అంది.

మర్నాడు ఇద్దర్నీ, అత్తా వదినల్ని గుంటూరు తీసుకెళ్ళాను. ఇద్దరి రక్తంలోనూ ఉందన్నారు. మోచేతిదాకా మాయలో చెయ్యి పెట్టిన అత్త ఒక్కరోజు మంచం పట్టలేదు, తలనొప్పి అని కూడా అనలేదు. ఈ అన్యాయానికి డాక్టరు కూడా కారణం చెప్పలేకపోయాడు, కొందరికి అంతేనమ్మా అన్నాడు. రోజూ ఆ పాలే తాగిన మాకెవరికీ, కూలీలకీ, నాకూ ఏమీ కాలేదు. మేమంతా దాలి మీద కాగినవి తాగినవాళ్ళం. నాకంటే ప్రేమ ఎక్కువ దక్కినవాళ్ళే మంచాన పడ్డారు. ఇది తలుచుకుంటే ఇన్నేళ్ళయినా నాకు దిగ్భ్రమగానే ఉంటుంది. నిర్లక్ష్యంవల్ల జరిగిందంటే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

పర్చూరు నుంచి పశువుల డాక్టరుని పిలిపిస్తే ఆయన చుక్క రక్తం తీసుకెళ్ళి, ఖాయమేనని చెప్పి, దూడని వెంటనే తగలబెట్టించమన్నాడు. జువ్విచెట్టుకి కట్టిన గడ్డిచుట్ట లేదు, కుక్కలు ఎప్పుడో లాక్కుపోయాయి. దూడ కాలుతున్నప్పుడు చుక్క పలుపు తెంచుకోబోయింది. మామయ్య మందులు మొదలుపెట్టాడు. మొదటిరోజే మూత్రం ఎర్రగా వచ్చిందని, ఇక అయిపోయిందని, అందర్నీ పిలిచి అప్పగింతలు పెట్టాడు. ఆ బిళ్ళలకి అలాగే వస్తుందని చీటీ మీద రాసి ఉందని నేను చదివి వినిపిస్తే, "ముందే చదవొద్దంటే, బడిపంతులమ్మా!" అని కసిరాడు. ఆ మాటకి వదిన నవ్వింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో వినపడిన నవ్వు అదొక్కటే.

వదినకి కడుపులో బిడ్డకి పడే మందులే చూసి ఇచ్చారు. జ్వరం తగ్గింది కూడా. బిడ్డ కదులుతోందని నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టేది. నాకేం తెలిసేది కాదు, తెలిసిందని చెప్పేదాన్ని. ఇంక గండం గడిచిందనే అనుకున్నాం. అన్నయ్య సింగరాయకొండ నుంచి ఆదివారం ఆదివారం వచ్చి, భార్య దగ్గర కూర్చోలేక, కళ్ళంలో మిగిలిన కాయలు ఏరుతూ కూర్చునేవాడు. మాఘం చివర్లో ఒక మధ్యాహ్నం నేను బళ్ళో ఉండగా కబురొచ్చింది. పరుగెత్తుకెళ్ళేసరికి కారు పెట్టుకుని చీరాల ఆసుపత్రికి బయల్దేరారు. దక్కలేదు. మగపిల్లాడు. అరచేతిలో పట్టేంత ఉన్నాడని, గోళ్ళు కూడా ఉన్నాయని అత్త చెప్పింది. నేను చూడలేదు.

ఇంటికొచ్చిన మూడోనాటికి వదినకి పాలొచ్చాయి. ఇలాంటిది ఉంటుందని నాకు తెలీదు. బిడ్డ లేకపోతే పాలు మాత్రం ఎందుకొస్తాయి అని పిచ్చిగా అడిగాను. అత్త నావైపు చూడకుండా, చీరాల వెళ్ళి మల్లెమొగ్గలు దొరికితే పట్టుకురమ్మంది. అప్పుడప్పుడే మొదలైన మొగ్గలు. వాటిని గుడ్డలో పరిచి రొమ్ములకి కడితే పాలు ఎండిపోతాయట. గదంతా పెళ్ళిల్లులా ఘుమఘుమలాడింది. అప్పటినుంచి నేను తల్లో మల్లెలు పెట్టుకోలేదు. దొడ్లో చుక్క దూడ కోసం ఇంకా అరుస్తూనే ఉంది. ఎవరైనా వెళ్ళి దానికి కాస్త గడ్డి వేసిరండి అనేది వదిన మంచం మీద నుంచి. ఎవరం వెళ్ళేవాళ్ళం కాదు. అత్తయితే ఆ వైపు తలుపే మూసేసింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి బేరగాడు వచ్చాడు. వేసవిలో చుక్కని తెచ్చిపెట్టింది ఇతనే. దాన్ని వదిలించుకోవాలని మామయ్యే కబురు పెట్టాడు. అప్పటికి ఆయన కర్ర పట్టుకుని అరుగుదాకా రాగలుగుతున్నాడు. బేరగాడు చుక్క చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, "వాడరేవు కాడ ఒకళ్ళు అడుగుతున్నారు. నిండు సంసారం, పిల్లాజెల్లా, పాలకి ఇబ్బంది పడతన్నారు. రేపే తోలిస్తా. ఈ రోగం సంగతి మాత్రం నోరెత్తబాకండి," అన్నాడు. మామయ్య తలూపాడు. తప్పని తెలిసే ఊపాడు. ఇంట్లో అది అరుస్తుంటే ఆయనకి నిద్ర ఉండటం లేదు.

"చెప్పకుండా ఎట్టా?" అంది అత్త గుమ్మంలోంచి సన్నగా.

"భలేదానివమ్మా! మీకెవరన్నా చెప్పారా ఏంది? మీకు అమ్మినోళ్ళ కాడ కూడా ఒకసారి ఈసుకుపోతేనే కదా ఆళ్ళు అమ్ముకుంది," అన్నాడు బేరగాడు నవ్వుతూ.

ఆ మనిషి మా అందరి మొహాలూ చూసి ఏమనుకున్నాడో, నవ్వు మధ్యలో ఆపేశాడు. మామయ్య చేతి కర్ర కిందపడింది, ఎవరం తీసి ఇవ్వలేదు. అంత మాట బేరగాడు ఏ దాపరికం లేకుండా, వర్షం పడిందన్నట్టు చెప్పాడు. అతనికి అది నిజంగానే పెద్ద విషయం కాదు. చూలు నిలవని గొడ్డుని అమ్ముకోవడం అందరూ చేసేదే. మామయ్య కూడా ఒక నిమిషం కిందట అందుకే తలూపాడు.

అప్పుడు వదిన గదిలోంచి బయటికి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక గడప దాటడం అదే మొదలు. గోడ పట్టుకుని నడిచి వచ్చి, మెట్టు మీద నిలబడి, "ఆ వాడరేవు ఇంట్లో కోడళ్ళున్నారా?" అని అడిగింది.

"ఎందుకు లేరమ్మా, ఇద్దరున్నారు," అన్నాడు బేరగాడు.

"అయితే బర్రెని ఇవ్వం. నువ్వెళ్ళు." తరవాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మనకి అమ్మినోళ్ళు ఒక్క మాట చెప్పుంటే నా కొడుకు ఉండేవాడు. ఇంకో ఇంటికి మనం ఆ పని చేస్తామా?"

మామయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. అంత పెద్ద గొంతు మనిషి ఏడుపు అంత చిన్నగా ఉంటుందనుకోలేదు. చుక్కని ఎవరికీ ఇవ్వలేదు. చంపించడానికి మనసు రాలేదు. పశువుల డాక్టరు చెప్పినట్టు పొలంలో వేరే పాక వేయించి, మళ్ళీ చూలు కట్టించకుండా, పాలు తీయకుండా, వేరే గొడ్లతో కలవకుండా ఉంచారు. మొహం చూడనన్న అత్తే చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని రోజూ గడ్డీ నీళ్ళూ పెట్టింది. ఏ ఉపయోగమూ లేని గొడ్డుని మేపుతున్నారని ఊళ్ళో నవ్వారు. ఎందుకు మేపుతున్నామో మామయ్య నవ్విన ప్రతివాడికీ చెప్పాడు, తిరిగొచ్చిన పాత గొంతుతో, వీధి చివరికి వినపడేలా. అప్పటినుంచి ఆ ఊళ్ళో గొడ్డు ఈసుకుపోతే కొందరైనా మాయని గొయ్యి తీసి పూడ్చడం మొదలుపెట్టారు. అందరూ కాదు. గుమ్మపాలు తాగేవాళ్ళు తాగుతూనే ఉన్నారు.

వదినకి కొన్నేళ్ళకి కూతురు పుట్టింది. నాకు పెళ్ళయింది, గుంటూరు బదిలీ అయింది. చుక్క మాత్రం అదే పాకలో ముసలిదై రెండువేల దశకంలో ఒక వానాకాలం చచ్చిపోయింది. ఆ కబురు వినగానే వదిన సింగరాయకొండ నుంచి వచ్చింది. గొడ్డు చస్తే ఇంత దూరం వస్తారంటే అని అత్త కోప్పడింది. లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోయించి పూడుస్తుంటే వదిన గట్టు మీద నిలబడి చూసింది. నేనూ గుంటూరు నుంచి వెళ్ళాను, పక్కనే ఉన్నాను. "వాడు కడుపులో ఉన్నప్పుడు రోజూ నన్ను చూసింది ఇదే కదే," అంది. "ఆ సంగతి తెలిసినవాళ్ళల్లో ఒకళ్ళు తగ్గారు."

గేదెని పట్టుకుని ఒకళ్ళు అంటుందేమిటనుకున్నాను ఆ పూట. ఆ తరవాత మామయ్య పోయాడు, అత్త పోయింది, అన్నయ్యా పోయాడు. ఇప్పుడు వదిన ఫోన్ చేసినప్పుడు ఏదో మాట్లాడుతూ మధ్యలో, వాడుంటే ఈపాటికి పెళ్ళీడుకొచ్చేవాడు కదే అంటుంది. అవును వదినా అంటాను. ఆ మాట ఆమె ఇంకెవరితోనూ అనదు, అన్నా, వాడెవరో ఎవరికీ తెలీదు. కాలం బాధని ఉన్నచోటే ఉంచి, దాన్ని ఎరిగినవాళ్ళని మాత్రం ఒక్కొక్కరినీ పిలుచుకుపోతుంది.